రెండు శ్రావణాల నడుమ ఒక చిన్న తల

2024 జనవరి మొదటి వారం. కొండాపూర్ రోడ్డు మీద, గాజు మేడల వరస మొదలయ్యే చోట ఉన్న మా స్కానింగ్, జెనెటిక్స్ సెంటర్లో నేను చేరి అప్పటికి పదకొండేళ్ళు. ఆ వార్త నాకు మొదట తెచ్చింది ఫర్జానా. ఆమె మా మూడో అంతస్తు ల్యాబ్‌లో టెక్నీషియన్. మామూలు రిపోర్టులు కంప్యూటర్లోనే కిందికి వచ్చేస్తాయి. బాగాలేనివాటిని మాత్రం ఫర్జానా తనే ప్రింటు తీసి, మెట్లు దిగి తెచ్చి నా చేతిలో పెడుతుంది. "ఇట్లాంటి కబురు మనిషే తేవాలి కరుణా" అంటుంది. అందుకే మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినపడగానే చేతిలో పని ఆపేస్తాను.

"సరితది," అంది. "జర కూర్చో ముందు. పదమూడో క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేదు."

కూర్చున్నాను. సరిత ఎవరో చెప్పేముందు నా పనేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. నా ఉద్యోగం పేరు కౌన్సెలింగ్ అసిస్టెంట్. పని మాత్రం అడగడం, రాయడం. గర్భంతో వచ్చినవాళ్ళను డాక్టర్ గారు చూసేముందు నేను కూర్చోబెట్టి వివరాలు అడుగుతాను. చివరి నెలసరి తేదీ, ఇంతకుముందు కాన్పులు, ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో వచ్చిన లోపాలు. వీటితో పెడిగ్రీ అని ఒక బొమ్మ గీస్తాను. అది వంశవృక్షమే, మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా. ఇన్నేళ్ళలో ఎన్ని చదరాలు, ఎన్ని సున్నాలు గీశానో దేవుడికే తెలియాలి.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం గుండెకు పాకితే, ఆయాసపడకూడదని నన్ను ఇంట్లోనే ఉంచేశారు. మూసాపేటలో మా ఒంటిగది ఇంట్లో అమ్మే నలుగురు పిల్లలకీ చదువు చెప్పింది. పరీక్షలన్నీ ఓపెన్ స్కూల్లో రాశాను. బైబిల్లోని కీర్తనలు చూసి రాయించి అమ్మ నా చేతిరాత కుదిర్చింది. ఆ చేతిరాత చూసే మా డాక్టర్ వసుంధర గారు నాకీ ఉద్యోగం ఇచ్చారు. ఆ ఇద్దరి రుణం నేను తీర్చుకోలేనిది. అయితే ఇది నా చక్కటి చేతిరాతతో నేను చేసిన తప్పు గురించిన కథ.

అంతకు మూడు వారాల ముందు, డిసెంబరు మధ్యలో సరిత మొదటిసారి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మణికొండలో సాఫ్ట్‌వేర్ అమ్మాయిలుండే లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. భర్త నర్సింలు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. మెదక్ వైపు వాళ్ళు. అప్పటిదాకా ఎక్కడా చూపించుకోలేదు.

"ఎందుకమ్మా ఇన్నాళ్ళు రాలేదు?" అని అడిగాను.

"రెండు పోయినయ్ మేడం. రెండుసార్లు గూడ మూడో నెలల్నే అందరికి చెప్పుకున్నం. దిష్టి తగిలింది. గీసారి ఎవ్వలకు చెప్పలే, దవాఖానకు గూడ రాలే."

"మా అమ్మకు గూడ మొన్ననే చెప్పిన మేడం," అన్నాడు నర్సింలు. "గంత సీక్రెట్. పెద్ద ఆఫీసర్ల కాడ గూడ ఉండది."

సరిత అతని మోచేతి మీద చిన్నగా కొట్టింది. నవ్వింది కూడా. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు చూడలేదు.

"చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?"

ఆ ప్రశ్నకు చాలామంది ఆలోచిస్తారు, ఫోన్ తీసి చూస్తారు. సరిత ఆలోచించలేదు.

"శ్రావణం, రెండో శుక్రవారం. మా హాస్టల్ ఆంటీ గుంటూరోళ్ళు, వరలక్ష్మి నోముకు నన్ను గూడ పీట మీద కూసోమన్నది, సంతానం కోసమని. కొత్త చీర గూడ పెట్టింది. కలశం కాడ కూసున్ననో లేదో దూరమైన. ఏడుసుకుంట లేసిన మేడం. అన్నీ మర్చిపోతగని గా శుక్రవారం మర్చిపోను."

మా ఇంట్లో గోడకుండే క్యాలెండర్లో రోజుకో వాక్యం, ఇంగ్లీషు తారీఖులు, అంతే. తిథులూ మాసాలూ నాకు అలవాటు లేదు. సెంటర్లో మాత్రం నా బల్ల వెనక పెద్ద తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. కుర్చీలోంచి వెనక్కి తిరిగి పేజీలు తిప్పాను. జూలై పేజీలో శ్రావణ మాసం మొదలైనట్టు కనపడింది. అక్కడినుంచి రెండో శుక్రవారం లెక్కపెట్టి, ఆ తారీఖు గుండ్రటి అక్షరాలతో రాశాను. దాని ప్రకారం ఆ రోజుకి సరిగ్గా ఇరవై వారాలు.

స్కానింగ్ గదిలోంచి డాక్టర్ గారు నన్ను పిలిచారు. తెర మీద బూడిదరంగులో బిడ్డ తల, దాని చుట్టూ చుక్కల గీత.

"బిడ్డంతా చిన్నగా ఉంది కరుణా. తల మరీ చిన్నగా ఉంది. తారీఖు ఖాయమేనా?"

"ఖాయమే మేడం. నోము రోజట. బాగా గుర్తుంది ఆవిడకి."

ఖాయమే అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు.

గర్భంలో తల వయసుకు తగ్గట్టు పెరగకపోతే దాన్ని మైక్రోకెఫలీ అంటారు, అంటే చిన్న తల. లోపల మెదడు పెరగకపోతే తల పెరగదు. కారణం వెతకడానికి ఉమ్మనీరు తీసి జన్యుపరీక్షకు పంపారు. పొట్టలోకి సూది వెళ్తుంటే సరిత నా చెయ్యి పట్టుకుంది. "కదలిక గూడ తెలుస్తలేదు మేడం" అంది. ఐదు నెలలు నిండిన బిడ్డ కదలడం తెలియకపోతే ఎవరికైనా భయమే. ఆ భయాన్ని కూడా నేను ఫైల్లో రాశాను.

ఫర్జానా తెచ్చిన కాగితం ఆ పరీక్ష ఫలితం.

ఆ మధ్యాహ్నమే వాళ్ళిద్దరినీ పిలిపించాం. డాక్టర్ గారు చెప్పడం మొదలుపెట్టారు, మధ్యమధ్య తెలుగు చెయ్యడం నా వంతు. ఇక్కడ పాఠకులకి కూడా కొంచెం చెప్పాలి. మన కణాల్లో ఉన్న జీన్లు అసలు రాత అనుకోండి. దాన్ని చూసి ఆర్ఎన్ఏ అనే నకలు చీటీ తయారవుతుంది. ఆ చీటీలో ఉన్న ప్రకారం ప్రోటీన్ తయారవుతుంది. మైక్రో ఆర్ఎన్ఏ అనేది ఆ చీటీలన్నిట్లోకి బుల్లిది, ఇరవై రెండు అక్షరాలు అటూ ఇటూగా ఉంటుంది. దాన్నుంచి ఏ ప్రోటీనూ రాదు. అది వెళ్ళి పెద్ద చీటీలకు అతుక్కుని వాటి నోరు మూయిస్తుంది, అంతే దాని పని. కానీ మెదడు తయారయ్యేటప్పుడు ఆ పని లేకపోతే జరగదు. ముందు మూలకణాలు ఒకటి రెండై, రెండు నాలుగై బాగా పెరగాలి. ఆ తర్వాత పెరగడం మానేసి నరాల కణాలుగా మారాలి. తొందరపడి ముందే మారితే ఇటుకలు చాలక ఇల్లు చిన్నదైనట్టు మెదడు చిన్నదవుతుంది. ఏ రోజున ఏ చీటీ నోరు మూయాలో చూసుకునేవాటిలో ఈ మైక్రో ఆర్ఎన్ఏలు ఉన్నాయి. ఎలుక పిండంలోనూ మనిషి పిండంలోనూ ఇదే పద్ధతి. సరిత బిడ్డలో పోయిన ముక్కలో అలాంటివి ఆరు, ఒకే గుంపుగా ఉంటాయి. మూలకణాలను పెరగనిచ్చే గుంపు అది.

సరిత ముఖంలో ఏమీ అర్థం కాలేదని కనిపిస్తోంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

"మా అమ్మ ఒకే గదిలో మా నలుగురికీ చదువు చెప్పేదమ్మా," అన్నాను. "ఒకళ్ళు పాఠం అప్పజెప్తుంటే మిగతా ముగ్గురిని 'ష్' అనేది. ఆ 'ష్' ఏ పుస్తకంలోనూ లేదు. కానీ అది లేకపోతే ఎవరికీ చదువు వచ్చేది కాదు. ఇవి ఆ 'ష్' లాంటివి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ప్రతి బిడ్డకీ రెండు వరసలు వస్తాయి. మీ బిడ్డకు ఒక వరస లేదు."

"అంటే ఇంకోటి ఉన్నది గద?" అన్నాడు నర్సింలు.

"ఉంది. అందుకే 'ష్' అనేది వినపడుతుంది. సగమే వినపడుతుంది."

"సగం వినపడితే పిల్లలు చదువుకుంటరా మేడం?"

డాక్టర్ గారు నిజమే చెప్పారు. ఈ ముక్క లేనివాళ్ళు తల చిన్నగా, మనిషి పొట్టిగా ఉంటారు, చేతివేళ్ళు కొన్ని పొట్టిగా ఉంటాయి. కొందరికి చదువు నెమ్మదిగా వస్తుంది, కొందరికి మామూలుగానే వస్తుంది. అయితే తల ఇంత చిన్నగా, ఇంత ముందే ఆగిపోవడం తనను భయపెడుతోందన్నారు. అప్పుడు హఠాత్తుగా నావైపు తిరిగారు.

"కరుణా, తండ్రి చేతులు చూశావా?"

చూశాను. సంతకం పెట్టేటప్పుడు కుడి చూపుడువేలు పొట్టిగా ఉండడం చూసి, పెడిగ్రీలో అతని చదరం పక్కన "పనిలో ప్రమాదం" అని రాసేశాను. బాలానగర్‌లో పవర్ ప్రెస్సుల మీద పనిచేసేవాళ్ళ వేళ్ళు అలా ఉండడం మాకు వింత కాదు. మా వీధిలోనే నలుగురున్నారు. అందుకే అడగలేదు.

నర్సింలు జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు.

"ప్రెస్సులో పోయిందా?" అన్నారు డాక్టర్ గారు.

"పోతే గోరెట్లుంటది మేడం? పుట్టినప్పటి సంది గిట్లనే. రెండు చేతులు గూడ. మా షాపుల అందరు ప్రెస్సుల పోయిందనే అనుకుంటరు. నేను గూడ అనుకోనిచ్చిన. పుట్టుకతోని అంటే నవ్వుతరు, ప్రెస్సుల పోయిందంటే ఇజ్జత్ ఇస్తరు."

"తలకు హెల్మెట్ ఏ సైజు పెట్టుకుంటారు?"

"గది అడగకుండ్రి," అంది సరిత. ఏడుస్తూనే అంది. "బడి పిల్లలది కొంటడు. బొమ్మలుంటయ్ దాని మీద."

డాక్టర్ గారు నవ్వలేదు. ఇద్దరి రక్తం తీయించారు. అదే ముక్క తండ్రిలోనూ లేకపోతే, అలాంటి మనిషి ఎలా బతుకుతున్నాడో ఎదురుగానే కనపడుతోంది కదా, ఆ బిడ్డ గురించి అంత భయపడక్కర్లేదు. కానీ ఆ ఫలితం రావడానికి పది రోజులు పడుతుంది. నేను రాసిన తారీఖు ప్రకారం ఆ రోజుకి ఇరవై మూడు వారాలు. ఇరవై నాలుగు దాటితే గర్భం తీయడానికి ప్రభుత్వ మెడికల్ బోర్డు అనుమతి కావాలి. అంటే వాళ్ళకున్నది వారమే.

ఆ వారంలో వాళ్ళింట్లో ఏం జరిగిందో తర్వాత సరితే చెప్పింది. అత్త ఉంచుకొమ్మంది. ఆడబిడ్డ మొగుడు, "తలకాయ లేని బిడ్డను ఎవరు సాకుతరు?" అన్నాడట. హాస్టల్ ఆంటీ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. నర్సింలు మాత్రం ఏమీ అనలేదట. నాలుగో రోజున సరిత ఒక్కతే వచ్చింది.

"గురువారం సంతకం పెడ్తం మేడం. కాయితం తయారు జేయండ్రి," అంది. "పది రోజులు ఆగినంక గూడ రిపోర్టు మంచిగ రాకుంటే, గడువు దాటినంక నేనేం జేయాలె? నాకు భయమైతుంది. పొద్దున లేస్తే భయం, అన్నం తింటే భయం. ఉంచుకుంటే భయం, తీస్తే భయం."

ఆమెను బయట కూర్చోమని, గర్భం తీయడానికి ఒప్పుకునే కాగితం టైపు చేయడం మొదలుపెట్టాను. మా సెంటర్లో శుభ్రం చేసే యాదమ్మ ఆమెకు మంచినీళ్ళిచ్చి, పక్కనే కింద కూర్చుంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. కాసేపటికి యాదమ్మ తడిగుడ్డ చేత్తో పట్టుకునే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"కరుణమ్మా, గా పోరికి ఎన్నో నెల?"

"ఆరో నెల."

"ఎవరు జెప్పిన్రు? నలుగురిని కన్న, పదిమందికి పురుడు జూసిన. గది ఆరో నెల పొట్టనా?"

"బిడ్డ చిన్నగా ఉంది యాదమ్మా. అదే కదా జబ్బు."

"గదంత నాకెర్కలే. నోము కాడ దూరమైన అంటున్నది. నోము పడ్డది రెండో శ్రావణంల. మొదటిది అధికం గద, అధికంల ఎవ్వరన్న నోము నోస్తరా? మరి నువ్వు ఏ శ్రావణం రాసినవ్?"

నాకు వెంటనే అర్థం కాలేదు. రెండో శ్రావణం ఏమిటి? గోడ మీద అప్పటికే కొత్త సంవత్సరం క్యాలెండర్ వేలాడుతోంది. పాతది చుట్టచుట్టి బీరువా వెనక పడేశారు. దాన్ని లాగి నేల మీద పరిచాను. జూలై పేజీ. శ్రావణం అన్న మాటకు ముందు, చిన్న ఎర్రటి అక్షరాల్లో, నేను కుర్చీలోంచి తిరిగి చూసినప్పుడు కంటికి ఆననంత చిన్నగా, "అధిక" అని ఉంది. ఆగస్టు పేజీ తిప్పాను. "నిజ శ్రావణ మాసం." వరలక్ష్మి వ్రతం, దాని రెండో శుక్రవారం.

ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది, ముందొచ్చింది అదనపు నెల. రెండు శుక్రవారాల మధ్య సరిగ్గా నాలుగు వారాలు.

యాదమ్మ నన్నే చూస్తోంది. "ఏమైంది బిడ్డా? మొఖం గట్లయింది?"

నేను లేచి శాంపిళ్ళు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఫ్రిజ్ మోత తప్ప ఏమీ లేదక్కడ. నిజం చెప్తున్నాను, వెంటనే డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తలేదు. మొదట నాకొచ్చిన భయం బిడ్డ గురించి కాదు, నా గురించి. బడిమొహం చూడని మనిషిని పెట్టుకుంటే ఇంతే అంటారని. పదకొండేళ్ళు పోతాయని. ఆ తర్వాతే, టైపు చేస్తూ సగంలో ఆపిన కాగితం కళ్ళముందు కదిలింది. గురువారానికి ఇంక రెండు రోజులు. యాదమ్మ ఆ పూట సెలవు పెట్టి ఉంటే? సరిత ఇంకో కుర్చీలో కూర్చుని ఉంటే? మోకాళ్ళ మీద కూర్చున్నాను గానీ ప్రార్థన రాలేదు. "తండ్రీ" అన్న ఒక్క మాట తర్వాత రెండోది రాలేదు. ఎంతసేపున్నానో తెలీదు, అరగంట ఉండొచ్చు. ఆ అరగంటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ తలుపు తీసుకుని బయటికి రాగల బలం ఇచ్చినందుకు ఇప్పటికీ స్తోత్రం చెల్లిస్తున్నాను.

డాక్టర్ గారు అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మళ్ళీ చెప్పు. మెల్లగా చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"తారీఖు నువ్వు రాశావు. దాన్ని నా కళ్ళకన్నా ఎక్కువ నమ్మింది నేను," అన్నారు. "ఆ రోజే తొడ ఎముక పదహారు వారాలంది. ఇరవై అని నువ్వన్నావు, ఎముకను పక్కన పెట్టాను. ఏడవకు. ఆ అమ్మాయిని లోపలికి పిలువు."

నర్సింలును కూడా పనిలోంచి రప్పించాం. నూనె మరకల చొక్కాతోనే వచ్చాడు. సరితను నేనే అడిగాను, నా నోటితోనే. "అమ్మా, మీరు చెప్పిన శ్రావణం అధికమా, నిజమా?"

సరిత నన్ను విడ్డూరంగా చూసింది. "అధికంల నోమెట్ల పడ్తరు మేడం? మీరు అడగలే, మీకు తెలుసనుకున్న. మీ వారాల లెక్క నాకు సమజ్ గాలే."

మళ్ళీ స్కాన్ చేశారు. ఈసారి నేను గదిలోనే నిలబడ్డాను. డాక్టర్ గారు తొడ ఎముక కొలిచారు, పొట్ట కొలిచారు, చిన్నమెదడు అడ్డకొలత తీశారు. ఒక్కొక్కటే పైకి చదువుతున్నారు, నేను రాస్తున్నాను. అన్నీ పంతొమ్మిదిన్నర వారాల చుట్టుపక్కలే. మూడు వారాల కిందటి కొలతలతో పోల్చి చూస్తే బిడ్డ చక్కగా పెరుగుతోంది. చివర తల కొలిచారు.

"తల చిన్నదే," అన్నారు. "అది మారదు. కానీ నెలరోజులు వెనకబడిన తల కాదిది. కొంచెం చిన్న తల. మీకు ఇంకో నాలుగు వారాలు టైముంది. తండ్రి రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం."

నేను తప్పు నాదేనని చెప్పాను. క్షమించమని అడిగాను. క్షమించేస్తారని ఎందుకనుకున్నానో తెలీదు. సరిత బల్ల మీదినుంచి లేచి, పొట్ట మీది జెల్లు తుడుచుకుంటూ, "నెలరోజుల సంది నా బిడ్డను తక్కువ జేసి చూసిన్రు మీరు," అంది. "కదుల్తలేదని నేను ఏడుస్తుంటే రాసుకున్నరుగద, గప్పుడన్న అడగరాదా?"

నర్సింలు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"మా కాడ మందం కొలిచే మైక్రోమీటర్ ఉంటది మేడం, పొద్దుగాల్నే జీరో సెట్ జేసుకోవాలె. జీరో తప్పుంటే ఎంత మంచి ముక్కనన్న రిజెక్ట్‌ల పడ్తది. ముక్కది తప్పు గాదు గద."

ఇన్నేళ్ళలో నా పని గురించి అంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

ఇంత జరిగినా భయం సగమే తగ్గింది. ముక్క లేకపోవడమైతే నిజమే. తండ్రి రిపోర్టు రావడానికి పట్టిన ఆ రోజుల్లో మెట్ల మీద ఫర్జానా చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. తండ్రికి అన్నీ సరిగ్గా ఉంటే, బిడ్డలో ఇది కొత్తగా పుట్టిన లోపమవుతుంది, మళ్ళీ చీకట్లో వెతుకులాటే. కాబట్టి ఒక మనిషిలో లోపం బయటపడాలని నేను ప్రార్థన చేశాను. అలాంటి ప్రార్థన అంతకుముందు ఎన్నడూ చెయ్యలేదు. ఇకముందు చెయ్యాల్సిన అవసరం రాకూడదని కోరుకుంటాను.

ఫర్జానా వచ్చింది, చేతిలో కాగితంతో. ఈసారి నవ్వుతూ వచ్చింది. "అదే ముక్క," అంది. "అచ్చం అదే. తండ్రికి కూడా లేదు."

ఆ సాయంత్రం డాక్టర్ గారు వాళ్ళకు చెప్పారు. సరిత రెండు చేతులతో మొహం కప్పుకుని, "ఈన లెక్కనే ఉంటదా మేడం? ఈన లెక్కనేనా?" అని పదేపదే అడిగింది. అలాగే ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరని, ఒకే ముక్క పోయినా అందరిలో ఒకేలా ఉండదని, కానీ ఆశకు మంచి ఆధారం ఉందని డాక్టర్ గారన్నారు.

నర్సింలు ఆ కాగితం అటూ ఇటూ తిప్పాడు. పేరు తనది, వయసు తనది, కింద గళ్ళలో ఏదో లేదని రాసి ఉంది. ముప్పై మూడేళ్ళు తనలో ఏదో తక్కువుందని తెలియకుండా బతికిన మనిషి.

"మేడం, ఒక మాట," అన్నాడు. "మా అమ్మ కడుపుల నేనున్నప్పుడు ఈ మిషన్లుంటే, నాకు గూడ గిదే కాయితం వస్తుండెనా?"

ఆ కాగితం బల్ల మీద పెట్టాడు.

"గీ నెలరోజుల సంది అందరు గట్లాంటి బిడ్డ, గట్లాంటి బిడ్డ అంటుంటే ఇన్న. మా బావ అన్నడు, మీరు గూడ అన్నరు. గట్లాంటి బిడ్డ నేనేనాయె." నవ్వే ప్రయత్నం చేశాడు, కుదరలేదు. "ఏడో తరగతి రెండుసార్లు చదివిన మేడం. నిజమే. కని మా షాపుల నేను సెట్ జేసిన డై అచ్చు మీద ముక్క రిజెక్టయింది చూపెట్టుండ్రి."

సరిత మొహం మీంచి చేతులు తీసి అతని పొట్టి చూపుడువేలు పట్టుకుంది. "నాకు గిదే చాలు. పా," అంది. వెళ్ళిపోయారు. సగం టైపు చేసిన కాగితం నేను తీసేశాను.

మే నెలాఖరులో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఆరువందల గ్రాములు. తల చిన్నదే, వేళ్ళు నాన్నవే. నడక కొంచెం ఆలస్యమైంది. మాటలొస్తున్నాయి. చదువు ఎలా వస్తుందో ఎవరికీ తెలీదు, సరిత భయం పూర్తిగా పోలేదు, పోతుందని నేనూ అనను. ఏడాదికోసారి కొలతలకు తీసుకొస్తుంది. నాతో మాట్లాడుతుంది, కానీ తారీఖులు మాత్రం డాక్టర్ గారికే చెప్తుంది. అందులో తప్పు లేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటంటే, ఎదుటివాళ్ళకు గట్టిగా గుర్తున్న రోజుకు, నేను కాగితం మీద రాసే అంకెకు మధ్య ఒక గట్టు ఉంటుంది, దాన్ని దాటించాల్సింది నేనే. వాళ్ళకు రోజు తెలుసు. నాకు లెక్క తెలుసనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా పండగ పేరో నోము పేరో చెప్తే, అది ఈ ఏడు మీ ఇంట్లో ఎప్పుడొచ్చింది, ముందూ వెనకా ఏం జరిగింది అని అడుగుతాను. రంజాన్ అన్నా అడుగుతాను, శ్రీరామనవమి అన్నా అడుగుతాను, మా ఈస్టర్ అన్నా అడుగుతాను. తెలియనిది అడగడానికి యాదమ్మ దగ్గరికి వెళ్తాను. ఆమె గుడ్డ పక్కన పెట్టి, "మళ్ల ఏం రాసినవ్?" అంటూ వస్తుంది. పొట్టి వేలు కనపడితే ఎలా అయిందని అడుగుతాను. నోటితో అడిగి తెలుసుకోకుండా నాకు తెలుసని దేన్నీ రాయను.

ఒక్కటి మిగిలింది. ఆ జనవరిలోనే డాక్టర్ గారి మాట మీద, నేను తెలుగు నెలల్లో తారీఖు తీసుకున్న పాత ఫైళ్ళన్నీ వెతికాను. సరితది కాక, శ్రావణం అని రాసినవి ఐదు దొరికాయి. నలుగురు తల్లులకు రెండో నెలలోనే వేరేచోట స్కాన్ అయింది కాబట్టి నా తప్పు వాళ్ళను తాకలేదు. ఐదో ఆమె బాలానగర్ దాటి ఎక్కడినుంచో ఒక్కసారే వచ్చింది. శ్రావణమాసంలో అన్నది. ఏ శ్రావణమో నేను అడగలేదు. బిడ్డ చిన్నగా ఉందని చెప్పి, మళ్ళీ రమ్మన్నాం. రాలేదు. ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వస్తోంది. చిరునామాలో రాసిన ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు. నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను. నేను రాసిన తారీఖు నమ్మి ఆమె బిడ్డను ఉంచుకుందో, తీయించుకుందో తెలుసుకునే దారి లేదు.

ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. నేను రాస్తుంటే నా చేతిరాత చూసి, "ఎంత ముద్దుగ రాస్తున్నరు" అంది. ఇంతకన్నా ఆమె గురించి నాకేమీ తెలీదు. పేరు రాయడం న్యాయం కాదు. మీరు ఏ దేవుడికి మొక్కినా, మొక్కకపోయినా, ఈ కాగితం మడిచి పక్కన పెట్టేముందు ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.